పిడుదు కాటు జ్వరం కంటిని తాకినప్పుడు

అందరికీ నమస్కారం. స్క్రబ్ టైఫస్ పేరు ఇప్పుడు మన పీహెచ్‌సీల్లో అందరికీ తెలుసు. అది చిగ్గర్ అనే సన్నని నల్లి పిల్ల కుడితే వచ్చేది. ఈ పూట మాట్లాడుకునేది పిడుదులు, కొందరు గోమార్లంటారు, అవి అంటించే స్పాటెడ్ ఫీవర్ (ఒంటిమీద మచ్చలతో వచ్చే జ్వరం) గురించి. 1910లో ట్యునీషియా రాజధాని ట్యూనిస్‌లో కోనోర్, బ్రూష్ అనే వైద్యులు దీని మధ్యధరా రకాన్ని వర్ణించారు. ఆ జబ్బు తెచ్చే బ్యాక్టీరియాకు రికెట్సియా కోనోరై పేరు అలా వచ్చింది. మన ఇండియన్ టిక్ టైఫస్ క్రిమి దాని ఉపజాతే. కుక్కల ఒంటిమీది గోధుమరంగు పిడుదు దాని వాహకం.

ఈ క్రిములు రక్తనాళాల లోపలి పొరలో చేరతాయి. పొర వాచి ద్రవం కారుతుంది. ఒక్కోచోట నాళమే మూసుకుపోతుంది. అరచేతుల్లో, అరికాళ్లలో దద్దురుగా కనిపించేదీ, రెటీనాలో (కంటి వెనక చూపు పొరలో) జరిగేదీ ఒకటే. ఫండస్‌లో, అంటే కంటి వెనక లోపలి భాగంలో, నాళాల పక్కన తెల్లటి మచ్చలు, చిన్న రక్తస్రావాలు, విట్రియస్‌లో (కంటి లోపలి జిగురు ద్రవంలో) కొద్దిపాటి కణాలు కనిపిస్తాయి. మ్యాక్యులా (రెటీనా నడిమి భాగం) కింద నీరు చేరినా, ఆప్టిక్ నరం (చూపు నరం) వాచినా, ధమని కొమ్మ మూసుకున్నా చూపు పోతుంది. ట్యునీషియాలోని మొనాస్టిర్‌లో కంటి వైద్యుడు ఖైరల్లా బృందం 2004లో ప్రచురించిన పరిశీలనలో రెటీనా మార్పులు చాలామందిలో దొరికాయి, తరచూ ఏ ఫిర్యాదూ లేకుండానే. అందుకే రోగి చెప్పేదాకా ఆగకుండా, చుక్కలు వేసి కంటిపాప పెద్దదయ్యాక రెండు కళ్లూ చూడండి. మన దగ్గర చాలామంది జ్వరం తగ్గిన 2–4 వారాలకు మసకతో వస్తారు. అప్పటికి దద్దురు ఉండదు, జ్వరం సంగతి మనమే అడగాలి.

వీల్–ఫెలిక్స్ రక్తపరీక్ష నెగెటివ్ వచ్చిందని జబ్బు లేదనకండి. మొదటి వారంలో యాంటీబాడీలే పైకి రావు. 2–4 వారాల తేడాతో తీసిన రెండు నమూనాల్లో ఐఎఫ్ఏ అనే యాంటీబాడీ పరీక్షలో టైటర్ (యాంటీబాడీల స్థాయి) నాలుగింతలు పెరిగితే నిర్ధారణ. అంతవరకూ ఆగకుండా మందు మొదలుపెట్టాలి.

మందు డాక్సీసైక్లిన్. పెద్దలకు 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 45 కిలోలలోపు పిల్లలకు కిలోకు 2.2 మి.గ్రా. రెండుసార్లు. జ్వరానికి 7–10 రోజులు చాలు, రెటినైటిస్ (రెటీనా వాపు) ఉంటే 2–4 వారాలు కొనసాగిస్తారు. పళ్లు రంగు మారతాయన్న భయంతో పిల్లలకు మానేయడం తప్పు, కొద్దిరోజుల కోర్సుతో ఆ ముప్పు లేదు. గర్భిణులకు సాధారణంగా అజిత్రోమైసిన్ ఇస్తారు. గ్లాసు నిండా నీళ్లతో మింగి అరగంట పడుకోకూడదు, లేకపోతే అన్నవాహిక పుండవుతుంది. పాలు, ఐరన్, యాంటాసిడ్‌లతో కలిపితే మందు సరిగా ఒంటబట్టదు. సల్ఫా మందులు మాత్రం ఇవ్వొద్దు, జబ్బు ముదురుతుంది.

ఎక్కువ పొరపాట్లు జరిగేది స్టిరాయిడ్ల దగ్గర. మ్యాక్యులాకు దూరంగా ఉన్న చిన్న మచ్చలకు అవి అక్కర్లేదు, వాటంతటవే మానతాయి. మ్యాక్యులాలో వాపు, నరం వాపు ఉంటే ప్రెడ్నిసోలోన్ రోజుకు కిలోకు 0.5–1 మి.గ్రా. ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. అదీ డాక్సీ మొదలయ్యాకే, హెర్పిస్ వైరస్, టాక్సోప్లాస్మా పరాన్నజీవి తెచ్చే జబ్బులు కావని తేల్చుకున్నాకే. నరం వాపు తగ్గాల్సిన రోజుల్లో రెండు కళ్లలోనూ పెరుగుతూ, తలనొప్పి కూడా ఉంటే డాక్సీనే అనుమానించండి. అరుదుగా అది మెదడు ఒత్తిడి పెంచుతుంది.

పిడుదు పట్టుకుని ఉంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిలువుగా లాగాలి. కిరోసిన్ పోయొద్దు, అగ్గి తగిలించొద్దు. వేళ్లతో నలిపి ఆ చేత్తోనే కన్ను నులుముకుంటే క్రిమి కండ్లకలక రూపంలో కంటిలోనే దిగుతుంది, చెవి ముందు బిళ్ల కడుతుంది.

మానిన మచ్చ పక్కన నెలల తర్వాత కొత్త నాళాలు మొలవచ్చు. గీతలు వంకరగా కనబడితే ఆలస్యం చేయకుండా ఓసీటీ (రెటీనా పొరల స్కాన్) తీయించండి, కంట్లో యాంటీ–వీఈజీఎఫ్ (కొత్త నాళాలను అణచే మందు) ఇంజెక్షన్ అవసరం పడొచ్చు.