అణువుల చారలు గీసే తొట్టి: ఏడు నెలలు వాడాక నా రివ్యూ

నమస్తే అండి. బెంగళూరులో మా ల్యాబ్‌కి ఈ ల్యాంగ్‌మ్యూర్-బ్లాడ్జెట్ ట్రఫ్, అంటే నీళ్ల మీద ఒక్క అణువు మందం పొర పరిచి దాన్ని పలక మీదికి ఎక్కించే తొట్టి, వచ్చి ఏడు నెలలైంది. కొనాలనుకునే వాళ్ల కోసం ఉన్నదున్నట్టు చెబుతాను.

చూడటానికి ఒక టెఫ్లాన్ తొట్టి, అటూ ఇటూ జరిగే రెండు బారియర్లు, పైన పలకను ముంచి లేపే డిప్పర్. అంతే. క్లోరోఫాంలో కరిగించిన లిపిడ్‌ని (కొవ్వు జాతి పదార్థం) నీళ్ల మీద చుక్కచుక్కగా వదులుతాం. క్లోరోఫాం ఆవిరైపోయాక పాల మీద మీగడలా లిపిడ్ మిగులుతుంది. ఈ మీగడ మందం మాత్రం ఒక్క అణువే, రెండు మూడు నానోమీటర్లు. బారియర్లు దగ్గరికొచ్చేకొద్దీ, మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కిన జనంలా అణువులు ఒత్తుకుని నిలబడతాయి.

నాకు కావలసింది చారలు. ఒత్తిడి తక్కువగా ఉంచి, అభ్రకం పలకను వేగంగా పైకి లాగితే నీటి అంచు దగ్గర లిపిడ్ ఒకచోట చిక్కగా, పక్కనే పలచగా అంటుకుంటుంది. అదే మళ్లీ మళ్లీ జరిగి చారలవుతాయి. 2000లో జర్మనీలోని మ్యూన్‌స్టర్ బృందం ఇలాగే డీపీపీసీ అనే లిపిడ్‌తో సుమారు 800 నానోమీటర్ల చారలు, మధ్యలో 200 నానోమీటర్ల సందులు చూపించింది. మాది గూడూరు దగ్గర, అభ్రకం గనుల వైపు. చిన్నప్పుడు పొరలు ఊడదీసి ఆడుకున్న రాయి మీద ఇవి చూస్తే ఒళ్లు పులకరించింది.

ఇప్పుడు అసలు సంగతి, డిప్పర్ మోటారు. నిమిషానికి 5 మిల్లీమీటర్ల దగ్గర వెన్నలా నడుస్తుంది. 60కి పెంచితే చిన్నచిన్న కుదుపులు. కంటికి కనిపించవు, చారలు మాత్రం తెగిపోతాయి. రెండు నెలలు నా నీళ్లదే తప్పనుకుని తొట్టి కడుగుతూ కూర్చున్నాను. చాలా టెన్షన్ పడ్డాను. కంట్రోలర్ మార్చాక సరైంది.

ప్రెషర్ సెన్సర్ బాగుంది. సాఫ్ట్‌వేర్ పరవాలేదు. చిల్లర్ విడిగా కొనాలి, అది మానకండి. నీళ్లు రెండు డిగ్రీలు వేడెక్కినా డీపీపీసీ చిక్కబడే ఒత్తిడి మారిపోతుంది, నిన్నటి సెట్టింగ్ ఇవాళ పనిచేయదు.

ధర చూసి వెనక్కి తగ్గే పిల్లలకు ఒక మాట. ఆగ్నెస్ పోకెల్స్ అనే జర్మన్ మహిళ ఇలాంటి తొట్టిని తన వంటింట్లోనే చేసుకుంది. ఆమె ఉత్తరం 1891లో 'నేచర్'లో అచ్చయింది. ఒత్తిడి కొలవడం నేర్చుకోవడానికి చేత్తో జరిపే బారియర్ చాలు. చారలు కావాలంటే మాత్రం మోటారు మీద రాజీ పడొద్దు. డెమోలో 60 దగ్గర అభ్రకం పలకను లాగించి, అదే పలకను ఏఎఫ్ఎం (సన్నని సూదితో ఉపరితలాన్ని తడిమి చూపే మైక్రోస్కోప్) కింద పెట్టి చూపించమనండి.