నవంబర్‌లో మీతో ఎవరు ఆడతారు?

అందరికీ నమస్కారం. సీజన్ అయిపోయింది కాబట్టి వచ్చారు గానీ, లేకపోతే శనివారం పూట ఈ హాల్లో సగం కుర్చీలు ఖాళీగా ఉండేవని నాకు తెలుసు.

నన్ను మాట్లాడమన్న విషయం ఒక్కటే. మన ఇండియానాలోని నోటర్ డేమ్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఏదో ఒక కాన్ఫరెన్స్‌లో, అంటే తమలో తాము ఆటలు పెట్టుకునే కాలేజీల కూటమిలో, చేరాలా, ఇలాగే ఏ కూటమీ లేకుండా ఇండిపెండెంట్‌గా ఉండిపోవాలా? ఇండియానాలో ఉంటున్నాక ఈ ప్రశ్న నుంచి తప్పించుకోలేం. ఆఫీసులో ఎవరో ఒకరు కదిలిస్తారు, ఇంటికొస్తే పిల్లలు కదిలిస్తారు. నా మాట ముందే చెప్పేస్తాను: ఇప్పుడు చేరొద్దు. అయితే చాలామంది చెప్పే సంప్రదాయం, పరువు లాంటి కారణాలతో కాదు. డబ్బు కోసం అసలే కాదు. నేను చూసేది ఒకటే, నవంబర్‌లో ఆ జట్టుతో ఎవరు ఆడతారు అని.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం కాస్త వివరంగా చెప్తాను. మన రంజీ ట్రోఫీలో హైదరాబాద్ ఏ గ్రూపులో ఉండాలి, ఆంధ్ర ఎవరితో ఎప్పుడు ఆడాలి అన్నది బీసీసీఐ తేలుస్తుంది. ఇక్కడ కాలేజీ ఫుట్‌బాల్‌లో పైన కూర్చుని అందరికీ షెడ్యూల్ వేసే బీసీసీఐ లేదు. కాలేజీ క్రీడల జాతీయ సంఘం ఎన్‌సీఏఏ ఉంది కదా అనొచ్చు. అది ఆట నిబంధనలు చూస్తుంది తప్ప పెద్ద జట్లు ఎవరెవరితో ఆడాలో చెప్పదు. ఒకప్పుడు టీవీ హక్కులైనా దాని గుప్పిట్లో ఉండేవి. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీల తరఫున వేసిన కేసులో 1984లో సుప్రీంకోర్టు అదీ చెల్లదంది. అక్కడినుంచి ఎవరి బేరం వాళ్లది. ఒక్కరు వెళ్లి అడిగేకన్నా పదిమంది కలిసి వెళితే ఎక్కువ గిడుతుంది కాబట్టి కాన్ఫరెన్స్‌లకు బలం వచ్చింది. 1980ల్లో పెన్ స్టేట్, మయామి, ఫ్లోరిడా స్టేట్, సౌత్ కరోలినా, సిరక్యూస్, అన్నీ ఇండిపెండెంట్లే. తర్వాతి పదేళ్లలో అవన్నీ ఏదో ఒక గూటికి చేరిపోయాయి. 2025 సీజన్ నాటికి పైస్థాయిలో మిగిలింది ఇద్దరే: నోటర్ డేమ్, కనెక్టికట్.

కాన్ఫరెన్స్ ఇచ్చేది డబ్బే అనుకుంటాం. దానికంటే ముందు అది ఇచ్చేది తేదీలు. సీజన్‌కి 12 ఆటలు. పెద్ద కాన్ఫరెన్స్‌లు నాలుగు: బిగ్ టెన్, బిగ్ 12, ఎస్ఈసీ, అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ అనే ఏసీసీ. బిగ్ టెన్‌లో, బిగ్ 12లో ఒక్కో జట్టు 9 ఆటలు లోపలివాళ్లతోనే ఆడుతుంది. ఇన్నాళ్లూ 8 ఆడిన ఎస్ఈసీ 2026 నుంచి 9కి వెళ్తోంది, ఏసీసీదీ అదే దారి. అంటే బయటివాళ్లకి మిగిలేవి మూడు. ఆ మూడూ చాలావరకు సెప్టెంబర్‌లోనే అయిపోతాయి.

ఇప్పుడు మీరే ఒక ఇండిపెండెంట్ జట్టుకి అథ్లెటిక్ డైరెక్టర్, అంటే కాలేజీ క్రీడలన్నీ చూసుకునే అధికారి అనుకోండి. సెప్టెంబర్‌కైతే ఫోన్ చేస్తే ఎవరో ఒకరు పలుకుతారు. నవంబర్ రెండో శనివారానికి? అందరూ వాళ్ల వాళ్ల కాన్ఫరెన్స్ ఆటల్లో తలమునకలుగా ఉంటారు. చిన్న జట్టుకి చెక్కు రాసిచ్చి మీ ఊరికి పిలిపించుకోవాలి. మీరే చిన్న జట్టయితే చెక్కు పుచ్చుకుని పెద్దవాళ్ల స్టేడియానికి వెళ్లి తన్నులు తిని రావాలి. గట్టి జట్టు కావాలంటే ‘ఈసారి మీరు రండి, వచ్చేసారి మేం వస్తాం’ అని ఏళ్ల ముందే ఒప్పందం రాసుకోవాలి. ఆ రోజు వచ్చేసరికి అవతలి కోచ్ మారిపోయి ఉంటాడు, ఒక్కోసారి కాన్ఫరెన్సే మారిపోయి ఉంటుంది.

దీన్ని ఎవరైనా ఒంటిమీదకి తెచ్చుకుని చూశారంటే అది బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ, బీవైయూ. యూటాలోని ప్రోవో వాళ్ల ఊరు. 2011లో మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్ వదిలేసి, ఈఎస్‌పీఎన్‌తో విడిగా ఒప్పందం చేసుకుని, సొంతంగా నిలబడ్డారు. 2020లో కోవిడ్ వచ్చింది. పెద్ద కాన్ఫరెన్స్‌లు బయటి జట్లతో ఆటలు మానుకోవడమో బాగా తగ్గించుకోవడమో చేయగానే వీళ్ల షెడ్యూల్ చాలావరకు గాల్లో కలిసిపోయింది. దొరికినవాళ్లతో మళ్లీ పేర్చుకున్నారు, 9 ఆడి 9 గెలిచారు. అయినా గట్టి జట్టు ఒక్కటీ లేదు కదా అని, ప్లేఆఫ్‌కి జట్లను ఎంచే ర్యాంకింగ్ కమిటీ పెదవి విరిచింది.

డిసెంబర్ మొదటి వారంలో కోస్టల్ కరోలినాతో ఆడాల్సిన లిబర్టీ జట్టులో కోవిడ్ కేసులు వచ్చాయి. బీవైయూ ‘మేమొస్తాం’ అంది. గురువారం ప్రకటన, శనివారం ఆట. మధ్యలో రెండు వేల మైళ్లకు పైగా దూరం. హెల్మెట్లూ సామానూ ఎక్కించుకున్న ట్రక్కు, ఆట ఉందని లోకానికి చెప్పకముందే దక్షిణ కరోలినా దారి పట్టింది. ఆట చూసినవాళ్లెవరూ మరిచిపోరు. స్కోరు 22–17, బీవైయూ వెనకబడి ఉంది. ఆఖరి బంతి విసిరారు, పట్టుకున్నారు, పట్టుకున్నవాణ్ణి గోల్ లైన్‌కి సరిగ్గా ఒక గజం ఇవతల పడగొట్టేశారు. టైం అయిపోయింది.

ఎవరి అనుమతీ అడక్కుండా రెండ్రోజుల్లో ఆట కుదుర్చుకోగలగడం ఇండిపెండెంట్ గొప్పతనం. డిసెంబర్‌లో అలా ట్రక్కు పంపాల్సిన అవసరం పడటం దాని పేదరికం. 2023లో బీవైయూ బిగ్ 12లో చేరింది. మొదటి ఏడాది 5 గెలిచి 7 ఓడింది, రెండో ఏడాది 11 గెలిచి 2 ఓడింది. వాళ్ల వరకు చేరడమే సరైన పని.

అందరికీ అలా కుదురుతుందనుకోకండి. మాసచూసెట్స్ జట్టు ఇండిపెండెంట్‌గా ఏళ్లతరబడి చితికి, 2025లో మిడ్ అమెరికన్ కాన్ఫరెన్స్‌లో చేరి, ఆ ఏడాది ఒక్క ఆట గెలవలేదు. 12కి 12 ఓటములు. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ జట్టు ఆర్మీ అయితే 1998లో ఒక కాన్ఫరెన్స్‌లో చేరి, 2003లో అందులో ఉండగానే 13 ఆటలూ ఓడి, తర్వాత బయటికొచ్చేసింది. మళ్లీ 2024లో అమెరికన్ కాన్ఫరెన్స్‌లో చేరి మొదటి ఏడాదే ట్రోఫీ ఎత్తింది. ఒకటే బడి, రెండు అనుభవాలు. కాబట్టి కాన్ఫరెన్స్ మంచిదా చెడ్డదా అని గుండుగుత్తగా అడిగితే జవాబు రాదు.

ఇక నోటర్ డేమ్ సంగతి. ఈ జట్టు ఒంటరితనం మొదట్లో కోరుకున్నది కాదు. బిగ్ టెన్‌ని అప్పట్లో వెస్టర్న్ కాన్ఫరెన్స్ అనేవారు. చేర్చుకోమని నోటర్ డేమ్ ఒకటికి రెండుసార్లు అడిగితే తలుపు తీయలేదు. మిషిగన్ కోచ్ ఫీల్డింగ్ యోస్ట్ అడ్డుపడ్డాడంటారు, కేథలిక్ బడి అన్న చిన్నచూపూ ఉందంటారు. చుట్టుపక్కల వాళ్లు కలుపుకోకపోతే ఏం చేస్తారు? రైలెక్కారు. 1913లో వెస్ట్ పాయింట్ వెళ్లి ఆర్మీని 35–13తో కొట్టారు. న్యూట్ రాక్నీ కోచ్ అయ్యాక ఇటు న్యూయార్క్‌కీ అటు లాస్ ఏంజలెస్‌కీ జట్టుని తిప్పాడు. 1926లో లాస్ ఏంజలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ, యూఎస్‌సీతో ఆటలు మొదలయ్యాయి. నగరాల్లో ఉన్న ఐరిష్, ఇటాలియన్, పోలిష్ కుటుంబాలు, ఆ కాలేజీ గేటు కూడా చూడనివాళ్లు, దీన్ని తమ జట్టు చేసుకున్నారు. తలుపు వేసిన పుణ్యమా అని దేశమంతా ఊరైంది.

1999లో అదే బిగ్ టెన్ రమ్మని పిలిస్తే నోటర్ డేమ్ ట్రస్టీలు వద్దన్నారు. అందులో కొంచెం పాత కసి కూడా ఉందని నా అనుమానం. ఎవరికుండదు!

నౌకాదళ అకాడమీ జట్టు నేవీతో నోటర్ డేమ్ ఆడే ఆట గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకెళ్లలేను. రెండో ప్రపంచ యుద్ధంలో కుర్రాళ్లంతా సైన్యానికి వెళ్లిపోయి తరగతులు ఖాళీ అయినప్పుడు, నౌకాదళం తన అధికారుల శిక్షణ కేంద్రాన్ని నోటర్ డేమ్ క్యాంపస్‌లో పెట్టింది. బడి నిలబడింది. ఆ కృతజ్ఞతతోనే నేవీ ఎన్నాళ్లు ఆడాలంటే అన్నాళ్లు ఆడతామంటారు. 1927 నుంచి 2020 ఒక్క ఏడాది తప్ప ఏటా ఆడుతూనే ఉన్నారు. ఈసారి టీవీలో చూస్తే ఆట కాగానే చానల్ మార్చకండి. రెండు జట్లూ కలిసి నిలబడి ముందు ఓడినవాళ్ల కాలేజీ గీతం, తర్వాత గెలిచినవాళ్లది పాడతాయి. బురద కొట్టుకున్న చొక్కాలతో, చంకలో హెల్మెట్లతో, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. లాభనష్టాలు చూసి పెట్టుకున్న ఆట కాదది. నోటర్ డేమ్ తన ఇష్టం వచ్చినట్టు షెడ్యూల్ వేసుకోగలిగింది కాబట్టే బతికింది.

మరి నవంబర్ బెడద వీళ్లకి లేదా? ఉంది. దాన్ని ఎలా దాటారో చాలామంది పట్టించుకోరు. 2013లో మిగతా క్రీడలు చాలావరకు ఏసీసీలో పెట్టి, ఫుట్‌బాల్ మాత్రం విడిగా ఉంచుకున్నారు. బదులుగా ఏటా సగటున ఐదు ఫుట్‌బాల్ ఆటలు ఏసీసీ జట్లతో ఆడతామన్నారు. 2036 లోపు ఫుట్‌బాల్ కూడా ఏదైనా కాన్ఫరెన్స్‌లో చేర్చాలనుకుంటే అది ఏసీసీయే అవ్వాలని రాసిచ్చారు. ఆ ఐదు ఆటలే అక్టోబర్, నవంబర్ శనివారాలను నింపేది. అంటే మనం ఇండిపెండెంట్ అని పిలుచుకునే జట్టుకి అరకాన్ఫరెన్స్ ఒకటి ఇంట్లోనే ఉంది. కనెక్టికట్‌కి ఆ ఏర్పాటు లేదు. వాళ్లు బాస్కెట్‌బాల్ కోసం 2020లో బిగ్ ఈస్ట్‌కి వెళ్లి, 2023లో, 2024లో జాతీయ ట్రోఫీలు కొట్టారు. ఫుట్‌బాల్‌ని దాని మానాన వదిలేశారు. నిజమైన ఒంటరి జట్టు వాళ్లదే.

డబ్బు సంగతి త్వరగా ముగిస్తాను. 1991 నుంచి ఎన్‌బీసీ చానల్ నోటర్ డేమ్ సొంత గ్రౌండ్ ఆటలు చూపిస్తోంది, 2023లో ఆ ఒప్పందాన్ని 2029 దాకా పొడిగించారు. దీనివల్లే కోట్లు వస్తున్నాయి, అందుకే చేరట్లేదని అంటుంటారు. బిగ్ టెన్ 2022లో చేసుకున్న టీవీ బేరం ఏడేళ్లకి 700 కోట్ల డాలర్ల పైమాటే. అందులో వాటా ఎన్‌బీసీ ఇచ్చేదానికి తీసిపోదు. డబ్బే లెక్కయితే ఎప్పుడో చేరేవారు.

ఇక మొన్నటి రగడ. 2024లో జాతీయ విజేతని తేల్చే 12 జట్ల ప్లేఆఫ్ మొదలైంది. సొంతగడ్డమీద నార్దర్న్ ఇల్లినాయ్ చేతిలో 16–14తో ఓడిన నోటర్ డేమ్ ఆ ఏడాది ఫైనల్ దాకా వెళ్లింది, అట్లాంటాలో ఒహాయో స్టేట్ చేతిలో 34–23తో ఓడింది. ప్లేఆఫ్‌లో వచ్చిన 2 కోట్ల డాలర్లు ఎవరికీ పంచకుండా ఇంటికి తెచ్చుకుంది. 2025లో తొలి రెండు ఆటలూ పోయాయి: మయామితో 27–24, టెక్సస్ ఏ అండ్ ఎమ్‌తో 41–40. రెండింట్లో కలిపి తేడా నాలుగు పాయింట్లు. తర్వాత వరసగా పది గెలిచారు. డిసెంబర్ 7న ప్లేఆఫ్ జాబితా వచ్చింది, పేరు లేదు. వారాల తరబడి తమ కింద ఉన్న మయామి, ఆ వారాంతం ఇద్దరూ ఆడకపోయినా, పైకెక్కింది. ఒళ్లు మండి, ప్లేఆఫ్ దక్కని జట్లకి సీజన్ చివర్లో ఉండే బౌల్ ఆటకి కూడా నోటర్ డేమ్ వాళ్లు రామన్నారు. ఆ పని నాకు నచ్చలేదు. ఆఖరి ఏడాది కుర్రాళ్లకి అది ఆఖరి ఆట.

‘చూశావా, కాన్ఫరెన్స్‌లో ఉండుంటే ఇలా జరిగేదా’ అని నన్ను చాలామంది అడిగారు. జరిగింది నెమ్మదిగా చూడండి. బీవైయూ కాన్ఫరెన్స్‌లో ఉంది కాబట్టే 13వ ఆటగా కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడాల్సొచ్చింది, టెక్సస్ టెక్ చేతిలో 34–7తో చిత్తయి కిందికి జారింది. అది జారడంతో నోటర్ డేమ్, మయామి పక్కపక్కకొచ్చాయి, అప్పుడు ఆగస్టు నాటి ఓటమి గుర్తొచ్చింది. ఏసీసీ ఫైనల్ గెలిచిన డ్యూక్‌కీ చోటు దక్కలేదు. జార్జియా చేతిలో 28–7తో ఓడిన అలబామాకి మాత్రం దక్కింది. ఇందులో కాన్ఫరెన్స్ ఎవరిని కాపాడింది, ఎవరిని ముంచింది? పైగా 2026 నుంచి తొలి 12 ర్యాంకుల్లో ఉంటే నోటర్ డేమ్‌కి చోటు ఖాయమన్న ఒప్పందం ముందే ఉంది. ఈసారి వాళ్ల ర్యాంకు 11. ఏడాది ఆలస్యంగా పుట్టుంటే ఈ గొడవే లేదు.

కాన్ఫరెన్స్‌లో ఉంటే భద్రత అనేవాళ్లకి ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ పేర్లు చెప్తాను. నూరేళ్లు దాటిన పాక్-12 కాన్ఫరెన్స్‌లోంచి 2024కల్లా పది జట్లు లేచిపోయాయి. వీళ్లిద్దరే మిగిలారు. ఆటలు దొరక్క 2025 నవంబర్‌లో ఒకరితో ఒకరు రెండుసార్లు ఆడారు, మొదటి తారీఖున ఒకసారి, 29న ఇంకోసారి. పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫర్డ్ అట్లాంటిక్ పేరున్న కాన్ఫరెన్స్‌లోకి వెళ్లింది. అలాంటి రోజుల్లో సంతకం పెట్టి ఎవరిని నమ్మాలి?

నాకు టెన్షన్ పెడుతున్న విషయం ప్లేఆఫ్ కాదు. 2026లో యూఎస్‌సీతో ఆట లేదు. వందేళ్ల నాటి ఆట. 2024లో బిగ్ టెన్‌లోకి వెళ్లాక యూఎస్‌సీ, ఆడితే సీజన్ మొదట్లోనే అని పట్టుబట్టింది. బేరం కుదరక, వీళ్లు బీవైయూతో ఆట పెట్టుకున్నారు. తేదీల కరువు మొదలైందనడానికి ఇదే గుర్తు. ఇలాంటప్పుడు డిసెంబర్‌లో నోటర్ డేమ్ అథ్లెటిక్ డైరెక్టర్ పీట్ బెవాక్వా ఏసీసీ మీద బహిరంగంగా కోపం చూపించడం నాకు తెలివైన పనిగా కనిపించలేదు. ఏసీసీ తన సభ్యుడైన మయామి తరఫున మాట్లాడింది. అది దాని ఉద్యోగం. ఆ ఐదు ఆటలు పోతే నోటర్ డేమ్ కూడా నవంబర్‌లో ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సిందే.

అందుకే నా ఓటు రెండు షరతుల మీద ఆధారపడి ఉంది. ఏసీసీతో ఆ ఏర్పాటు నడిచినంతకాలం, ప్లేఆఫ్ తలుపు బయటివాళ్లకి తెరిచి ఉన్నంతకాలం, చేరక్కర్లేదు. ఏ ఒక్కటి పోయినా ఆ మర్నాడే చేరాలి, బింకాలు పనికిరావు. మన ఇండియానా పటం చూస్తే బిగ్ టెన్ దగ్గర, కాగితం చూస్తే ఏసీసీ. ఆ చిక్కు లాయర్లకి వదిలేద్దాం. ఆర్మీ 2024లో చేరినప్పుడు నేవీతో తన ఆటని కాన్ఫరెన్స్ లెక్కలోకి రాకుండా విడిగా అట్టిపెట్టుకుంది. నోటర్ డేమ్ బల్ల దగ్గర కూర్చున్న రోజున ముందు రాయించుకోవాల్సింది కూడా నేవీ ఆటే, టీవీ వాటా ఎంతన్నది తర్వాత.

ఇక మీ ప్రశ్నలు. పర్డ్యూ పిల్లల తల్లిదండ్రులు ముందు వరసలోనే చేతులెత్తేశారు, వాళ్లతోనే మొదలుపెడదాం.