గార్మెంట్స్‌లో ఆడవాళ్లు: మిషన్ ముందు ఎవరు, వెనక ఎవరు

శ్రోతలందరికీ నమస్కారం.

మా హిందూపురం, మడకశిర వైపు ఏ ఇంటి ముందైనా ఆగి అమ్మాయి ఏం చేస్తోందని అడగండి, "గార్మెంట్స్‌కి పోతా ఉంది" అనే మాట చాలాసార్లు వినబడుతుంది. అంతకంటే వివరం ఎవరూ చెప్పరు, మనమూ అడగం. బెంగళూరులో పీణ్య, బొమ్మనహళ్లి, ఇటు దొడ్డబళ్లాపురం, ఈ పేర్లన్నీ మా వాళ్లకి బంధువుల ఊళ్లంత పరిచయం. అక్కడ కుట్టిన చొక్కాలు అమెరికాకీ యూరప్‌కీ వెళ్తాయి. వాటిని కుట్టే ఆడవాళ్లకి ఆ ఫ్యాక్టరీ గోడల మధ్య ఏపాటి న్యాయం జరుగుతోందో ఇవాళ కాస్త మాట్లాడుకుందాం.

ఫ్యాక్టరీలో ఒక చొక్కాని ఒకరే కుట్టరు. ఒకామె కాలర్, ఒకామె కఫ్, ఇంకొకామె జేబు, ఇలా వరసగా మిషన్లుంటాయి, దాన్నే లైను అంటారు. గంటకి ఇన్ని పీసులని టార్గెట్ పెడతారు, ఎన్ని వచ్చాయో గంటగంటకీ బోర్డు మీద రాస్తారు. ఒకామె దగ్గర పని ఆగితే పక్క మిషన్ ఖాళీగా ఉండిపోతుంది కదా, ఇక సూపర్‌వైజర్ నెత్తిమీద నిలబడతాడు. బాత్రూంకి వెళ్లొచ్చేలోపు పీసులు గుట్ట పడతాయన్న టెన్షన్‌తో పొద్దుటినుంచీ నీళ్లే తాగని వాళ్లున్నారు. పక్కనే ఇస్త్రీ టేబుళ్ల ఆవిరి, ఆపైన వేసవి. మూత్రంలో మంట, నడుంనొప్పి అక్కడ రోగాల కింద లెక్కకే రావు.

మిషన్ ముందు కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లు, వెనక నిలబడి అరిచేది ఎక్కువగా మగవాళ్లు. పదేళ్లు మిషన్ తొక్కినా టైలర్‌గానే మిగిలిపోయే ఆడవాళ్లు ఎంతమందో. సమాన పనికి సమాన వేతనం అని 1976లోనే చట్టం వచ్చింది, నిజమే. కానీ ఆమెని హెల్పర్ అనీ, అతన్ని కటింగ్ మాస్టర్ అనీ వేరువేరు పేర్లతో రాసుకుంటే పోలిక పెట్టేదెక్కడ? మార్చి 8న గులాబీ పువ్వులిచ్చి ముగ్గుల పోటీ పెడతారు, ఆ రోజు కూడా టార్గెట్ మాత్రం తగ్గించరు లెండి.

అరిచే సూపర్‌వైజర్ ఒక్కడినే తిట్టుకుని ఊరుకుంటే మనకి సగమే తెలిసినట్టు. విదేశీ బ్రాండు తక్కువ రేటుకి ఆర్డరిస్తుంది, మధ్యలో డిజైన్ మారుస్తుంది, షిప్‌మెంట్ తేదీ మాత్రం జరపదు. ఆ ఒత్తిడి యజమాని నుంచి మేనేజర్‌కి, అక్కడినుంచి సూపర్‌వైజర్‌కి దిగి, చివరికి బూతుమాటగా ఆమె చెవిన పడుతుంది. బూతులు మానమని సూపర్‌వైజర్లకి ఒక పూట ట్రైనింగ్ ఇచ్చి, రేటూ గడువూ అలాగే ఉంచితే ఏం మారుతుందో నాకైతే అర్థం కాదు.

ఈ ఆడవాళ్లు నోరు లేనివాళ్లని మాత్రం అనుకోకండి. 2016 ఫిబ్రవరిలో కేంద్రం పీఎఫ్ నిబంధన మార్చింది, యజమాని వాటా 58 ఏళ్లు వచ్చేదాకా తీసుకోవడానికి లేదంది. గార్మెంట్స్‌లో 58 దాకా పనిచేసేవాళ్లెవరు? కళ్లూ నడుమూ పోయి చాలామంది నలభై లోపే మానేస్తారు, పీఎఫ్ డబ్బుతో అప్పు తీర్చడమో కూతురి పెళ్లి చేయడమో చూసుకుంటారు. ఏప్రిల్ 18న బెంగళూరు ఆడవాళ్లు మిషన్లు వదిలి రోడ్డెక్కారు, హోసూరు రోడ్డు స్తంభించింది. పెద్ద నాయకులెవరూ పిలుపివ్వలేదు. లాఠీలు కూడా పడ్డాయి. మర్నాడు, 19న, అప్పటి కేంద్ర కార్మిక మంత్రి, మన హైదరాబాద్ బండారు దత్తాత్రేయ గారే, ఆ మార్పు వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించారు.

ఇక తమిళనాడు సంగతి. 2021 జనవరిలో దిండిగల్ జిల్లాలో గార్మెంట్స్‌లో పనిచేసే ఒక దళిత అమ్మాయి హత్యకు గురైంది, ఇరవై ఏళ్లు ఉంటాయేమో. కేసులో నిందితుడు ఆమె సూపర్‌వైజరే. అంతకుముందు నుంచే అతను వేధిస్తున్నాడని ఆమె ఇంటివాళ్లు చెప్పారు. దళిత మహిళలు నడిపించే యూనియన్ ఒకటి ఆ కుటుంబం వెంట నిలబడి విషయాన్ని అంతర్జాతీయంగా లేవనెత్తింది. ఏడాదికి పైగా పోరాడాక, 2022 ఏప్రిల్‌లో, ఫ్యాక్టరీలో ఆడవాళ్ల మీద వేధింపులు ఆపడానికి, దిండిగల్ ఒప్పందం కుదిరింది. యూనియన్‌తో ఆ అమ్మాయి పనిచేసిన కంపెనీ సంతకం పెట్టింది, విదేశీ బట్టల బ్రాండు హెచ్ అండ్ ఎం కూడా పెట్టింది, తర్వాత గ్యాప్, పీవీహెచ్ అనే బ్రాండ్లు వచ్చి చేరాయి.

ఇందులో నాకు నచ్చినది ఒకటుంది. ఒప్పందం ప్రకారం కార్మికుల్లోంచే కొందరికి యూనియన్ శిక్షణ ఇస్తుంది, ప్రతి పాతికమందికీ కనీసం ఒకరు చొప్పున. బూతులైనా, చెయ్యి వేసినా, కులం పేరెత్తినా పక్క మిషన్ ఆమెకే చెప్పుకోవచ్చు. కంపెనీ మాట తప్పితే బ్రాండు ఆర్డర్లకి దెబ్బ తగులుతుంది, యజమానికి నొప్పి తెలిసేది అక్కడే. ముందే తెలియజేసి వచ్చి కాసేపు చూసిపోయే ఆడిట్లకీ, అంటే తనిఖీలకీ, దీనికీ పోలికే లేదు.

మన రాష్ట్రంలోనూ అచ్యుతాపురం సెజ్‌లో వేలాదిమంది ఆడవాళ్లు బట్టల కర్మాగారాల్లో పనిచేస్తున్నారు. 2022లో జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మళ్లీ విషవాయువు పీల్చి వాంతులతో, కళ్లమంటతో ఆస్పత్రుల్లో చేరింది వాళ్లే. రెండు నెలల తేడాలో రెండుసార్లు జరిగిందంటే, మొదటిసారి వాళ్ల మాట ఎవరు విన్నట్టు?

ఇప్పుడు పనికొచ్చే మాట. వింటున్నవాళ్లలో గార్మెంట్స్‌కి వెళ్లేవాళ్లుంటే, లేదా ఇంట్లో ఎవరైనా వెళ్తుంటే, గుర్తుపెట్టుకోండి. పదిమందో అంతకంటే ఎక్కువో పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద విచారించే అంతర్గత కమిటీ ఉండి తీరాలని 2013 చట్టం చెబుతోంది. అధ్యక్షురాలు మహిళే కావాలి, సభ్యుల్లో సగానికి తగ్గకుండా మహిళలుండాలి, బయటివాళ్లు ఒకరుండాలి. కమిటీ వేయని యజమానికి 50 వేల రూపాయల దాకా జరిమానా. ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి, సరైన కారణముంటే ఇంకో మూడు నెలలు గడువు పెంచుతారు. రాయడం రాకపోతే ఫరవాలేదు, రాయడానికి కమిటీయే సాయం చెయ్యాలి. విచారణ సాగుతుండగా అతని కిందే పనిచెయ్యలేనంటే వేరే చోటికి మార్చమనో, మూడు నెలల దాకా సెలవో రాసి అడగొచ్చు. వేధించింది యజమానే అయితే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది, దాని వివరాలు కలెక్టరేట్‌లో అడగండి.

సాక్షులెవరూ లేరు, తిరిగి నామీదే కేసు పెడతారేమో అని చాలామంది వెనక్కి తగ్గుతారు. కావాలని అబద్ధం చెప్పారని తేలితేనే చర్య. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు చేసినామె మీద చర్య తీసుకోవాల్సిన పనిలేదని ఆ చట్టంలోనే రాసి ఉంది.

సెలవు, నమస్కారం.