సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు: రీడింగ్ కాదు, బిల్లులు చూడండి

(స్క్రీన్ మీద: రెండు కార్ల ఓడోమీటర్లు పక్కపక్కన. ఒకటి 18,000 కి.మీ., రెండోది 1,10,000 కి.మీ.)

ఒకే మోడల్, ఒకే ఏడాది కార్లు. రెండూ అమ్మకానికి ఉన్నాయి, రెండింటికీ పదిహేనేళ్లు. మొదటిది పద్దెనిమిది వేలే తిరిగింది కాబట్టి ధర బాగా ఎక్కువ. డబ్బు సర్దుకోగలిగితే దాదాపు అందరూ దాన్నే కొంటారు. నేనైతే ముందు రెండో కారు ఓనర్ దగ్గరికి వెళ్లి, "బిల్లులున్నాయా అండీ?" అని అడుగుతాను.

పదిహేనేళ్లలో పద్దెనిమిది వేలంటే నెలకు వంద కిలోమీటర్లు. మిగతా రోజులన్నీ షెడ్డులోనే. నిలబెట్టినంత మాత్రాన బండికి వయసు ఆగదు కదా! ఆయిల్ సీళ్లు ఎండి గట్టిపడతాయి. ఏసీ గ్యాసు కారిపోతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటూ ఉంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు మరగాలంటే కనీసం 230 డిగ్రీలు కావాలి. నీరు చేరాక ఆ హద్దు 155 దాకా దిగిపోవచ్చు. నెమ్మదిగా నడిపితే ఈ తేడా తెలియదు. వేగంగా తోలి, వెంటవెంటనే గట్టిగా బ్రేకు కొడితే మాత్రం పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది.

(స్క్రీన్ మీద: టైరు పక్క గోడ దగ్గరగా. నాలుగు అంకెలు కనిపించాలి.)

టైరు మీద DOT అనే ఇంగ్లీషు అక్షరాలు వెతకండి. ఆ వరుస చివర ఇలా నాలుగంకెలు ఉంటాయి: 3519. అంటే 2019లో 35వ వారం తయారైంది. పైన గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నా, పదేళ్ల నాటి రబ్బరు రోడ్డును పట్టుకోదు. నాలుగూ మార్చాల్సిందే. పైగా చాలా స్పోర్ట్స్ కార్లకు వెనక టైర్లు ముందువాటి కంటే వెడల్పు, కాబట్టి ముందువి వెనక్కి మార్చి రోజులు గడుపుకునే వీలు కూడా ఉండదు.

ఇప్పుడు డబ్బు సంగతి. పదిహేనేళ్లు గడిచేసరికి చాలా మోడళ్ల ధర కొత్తదానిలో మూడో వంతుకో నాలుగో వంతుకో వస్తుంది. అదే మనల్ని ఊరిస్తుంది. కానీ కారు ధర పడిపోయిందని దాని క్లచ్ ధర పడిపోదు. డిస్కులు, షాక్ అబ్జార్బర్లు, లేబరు అన్నీ ఖరీదైన కారు లెక్కలోనే ఉంటాయి. కార్బన్ సిరామిక్ డిస్కులున్న కారైతే ఇంకా జాగ్రత్త. వాటి అరుగుదల మందం కొలిస్తే సరిగా తెలియదు, విప్పి తూకం వేసి చూడాలి. కనీస బరువెంతో డిస్కు మీదే ఉంటుంది. నాలుగూ మార్చే ఖర్చు వింటే మనసు మార్చుకునేవాళ్లే ఎక్కువ.

(స్క్రీన్ మీద: పోర్షే బాక్స్‌స్టర్. తర్వాత ఇంజన్ లోపలి షాఫ్ట్ బొమ్మ.)

అయినా స్పోర్ట్స్ కార్లన్నీ ఒకటి కాదు. ఏ మోడల్‌కి ఏ జబ్బుందో తెలుసుకోవడమే అసలు పని. అందరూ చెప్పుకునేది పోర్షే కథ. 986 తరం బాక్స్‌స్టర్, 996 తరం 911 కార్లలో ఎం96 అనే ఇంజన్ ఉంటుంది. పిస్టన్లు తిప్పే క్రాంక్ నుంచి వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్‌లకు కదలిక అందించే మధ్య షాఫ్ట్ ఒకటి దాని లోపల తిరుగుతుంది. ఆ షాఫ్ట్ ఒక చివర సీల్ చేసిన బాల్ బేరింగ్. ఏళ్లు గడిచేకొద్దీ సీలు వదులై, లోపలి గ్రీజు కడుక్కుపోతుంది. బేరింగ్ పగిలిందంటే టైమింగ్ తప్పి వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. అంతే, ఇంజన్ పోయినట్టే. ఆ బేరింగ్ చూస్తే అరచేతిలో పట్టే వస్తువు. దాన్ని మార్చాలంటే మాత్రం గేర్‌బాక్స్ దించాలి. అందుకే తెలిసినవాళ్లు క్లచ్ మార్చేటప్పుడే దీన్నీ మార్పించేస్తారు. అన్ని కార్లలోనూ ఇది పగలదు, భయపడి పారిపోనక్కర్లేదు. రోజూ తిరుగుతూ, ఆయిల్ తరచూ మార్చిన కార్లలో ఈ గొడవ తక్కువని ఈ ఇంజన్లు విప్పే మెకానిక్‌లే అంటుంటారు. అదే తరం 911 టర్బో, జీటీ3లలో ఉన్నది వేరే ఇంజన్, వాటికి ఈ టెన్షన్ లేదు. 2009 మోడల్ నుంచి వచ్చిన ఇంజన్లలో అసలు ఆ షాఫ్టే లేదు.

ఫెరారీ ఎఫ్355కి టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజన్ కిందికి దించాలి. ఆ బెల్టుకు కిలోమీటర్లతో పాటు ఏళ్ల లెక్క కూడా ఉంది. కారు కదలకపోయినా గడువు రాగానే బిల్లు పడుతుంది. 2004లో వచ్చిన ఎఫ్430లో బెల్టు పోయి చైన్ వచ్చింది. అందుకే కొత్తదే చవకగా మేపుకోవచ్చు.

బీఎండబ్ల్యూ ఎం3, ఈ46 తరంలో కనెక్టింగ్ రాడ్ బేరింగులు, వెనక చక్రాల భాగాలను మోసే సబ్‌ఫ్రేమ్ బిగించే చోట బాడీ పగుళ్లు, ఈ రెండూ చూడాలి. ఆ కారులో ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే టాకోమీటర్ చుట్టూ చిన్న లైట్లుంటాయి. ఆయిల్ వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతూ, ఇప్పుడు ఎంతవరకు రేజ్ చేయొచ్చో చెబుతాయి. పాత ఓనర్ వాటి మాట విన్నాడా లేదా అన్నదే ఆ ఇంజన్ భవిష్యత్తు.

మాజ్దా ఆర్‌ఎక్స్-8 చవకగా దొరుకుతుంది, నడపడానికి భలే ఉంటుంది. అందులోది పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్లు తిరిగే రోటరీ ఇంజన్, ఆ మూలల్లో ఉండే అపెక్స్ సీళ్లు అరిగితే కంప్రెషన్, అంటే లోపల గాలిని నొక్కే బలం, పోతుంది. వేడిగా ఉన్నప్పుడు ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి. ఎక్కువసేపు గిరగిరా తిరిగి గానీ అందుకోకపోతే ఆ బండి వదిలేయండి. ఆయిల్ తాగుతుందని మాత్రం కంగారు పడొద్దు, సీళ్ల కోసం కావాలనే లోపలికి కొంత ఆయిల్ పంపిస్తుంది. మర్చిపోకుండా లెవెల్ చూసుకోవాలి, అంతే.

ఇక మాజ్దా ఎంఎక్స్-5. ఇంజన్ జోలికి వెళ్లక్కర్లేదు, పాత తరాల్లో డోరు కింద తుప్పు చూస్తే చాలు. మొదటిసారి కొనేవాళ్లకు నా ఓటు దీనికే.

(స్క్రీన్ మీద: లిఫ్ట్ మీద ఉన్న కారు. మెకానిక్ సన్నటి కెమెరాను ప్లగ్ రంధ్రంలోకి దించుతున్నాడు.)

బేరం కుదిరాక, అడ్వాన్స్ ఇచ్చేముందు, ఆ బ్రాండ్ తెలిసిన మెకానిక్‌తో లిఫ్ట్ మీద చూపించండి. దానికి ఫీజు ఎందుకని వెనకాడటం ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టే. సిలిండర్లు ఒత్తిడిని సరిగా పట్టి ఉంచుతున్నాయో లేదో చెప్పే కంప్రెషన్, లీక్‌డౌన్ టెస్టులు చేయించండి. సిలిండర్ లోపల గీతలు పడ్డాయేమో కెమెరాతో చూడమనండి. మాన్యువల్ గేర్ల కారైతే ఇంకొకటుంది. ఐదో గేరు నుంచి నాలుగు బదులు రెండులో పడేస్తే చక్రాలే ఇంజన్‌ని హద్దు దాటించి తిప్పేస్తాయి. ఇంజన్ వేగం హద్దు దాటకుండా చూసే రెవ్ లిమిటర్ ఇంధనం ఆపగలదు గానీ దీన్ని ఆపలేదు. కొన్ని కార్ల కంప్యూటర్లు, ముఖ్యంగా పోర్షేవి, ఇలా ఎన్నిసార్లు జరిగిందో రాసిపెట్టుకుంటాయి. స్కానర్ పెడితే బయటపడుతుంది.

రిపేర్లకు ఎంత దాచుకోవాలంటే, నా లెక్క ఇది: కారు ధరలో ఐదో వంతు కొన్న రోజే పక్కన పెట్టండి. ఫెరారీ లాంటివైతే అదీ చాలదు. అంత పక్కన పెట్టలేకపోతే ఒక మెట్టు కింది మోడల్ చూసుకోండి.

చూడటానికి వెళ్లే ముందు ఓనర్‌కి ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని చెప్పండి. చల్లటి ఇంజన్ మొదటి నిమిషంలో చేసే చప్పుడు, వదిలే పొగ చాలా చెబుతాయి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. అప్పటికే వేడిగా ఉంటే ఎందుకో అడగండి. జవాబు నమ్మేలా లేకపోతే టెస్ట్ డ్రైవ్ కూడా అక్కర్లేదు.