వేళ్లకు తెలిసేది, అభిమానానికి తెలియనిది

అందరికీ నమస్కారం.

చదువుకుంటూ, ఖాళీ దొరికినప్పుడు గిటార్ పట్టుకునేవాళ్లను రెండు ప్రశ్నలు వెంటాడతాయి. ఎంత వాయించినా రికార్డులో విన్నట్టు ఎందుకు రావడం లేదన్నది మొదటిది. రెండోది కాస్త ఆలస్యంగా వస్తుంది: ఇంత బాగా వాయించిన మనిషి అంత చెడ్డపని ఎలా చేశాడు, ఇక అతని పాట వినొచ్చా? మొదటి ప్రశ్నకు జవాబు వెతికే క్రమంలోనే రెండోదానికి సగం జవాబు దొరుకుతుందని నా నమ్మకం. అందుకే వాయిద్యం దగ్గరే మొదలుపెడతాను.

ముందు గిటార్‌ను అనుమానించండి, ఆ తర్వాతే మీ వేళ్లను. తీగలు మరీ ఎత్తుగా ఉన్న గిటార్ మీద మొదలుపెట్టి, తప్పంతా తమదే అనుకుని మానేసేవాళ్లు ఎందరో. పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర సన్నని స్కేలు నిలబెట్టి, ఫ్రెట్ పైఅంచు నుంచి తీగ అడుగు దాకా కొలవండి. స్టీలు తీగల అకూస్టిక్ గిటార్‌కు లావు తీగ దగ్గర సుమారు 2.5 మిల్లీమీటర్లు, సన్న తీగ దగ్గర 2 ఉంటే చేతికి హాయి. 4 ఉంటే ఎఫ్ బార్ కార్డ్ (చూపుడు వేలిని తీగలన్నిటి మీద పరిచి పట్టే ఎఫ్ స్వరగుచ్ఛం) ఎవరికైనా నరకమే. ఇంకో పరీక్ష ఉంది. రెండో ఫ్రెట్‌కూ మూడో ఫ్రెట్‌కూ మధ్య తీగను నొక్కి, మొదటి ఫ్రెట్ మీద ఎంత సందు మిగిలిందో చూడండి. పల్చటి కాగితం పట్టేంత ఉంటే చాలు. అంతకన్నా బాగా ఎక్కువుంటే నట్‌లోని (మెడ చివర తీగలు ఆనే పట్టీలోని) గాడి లోతు చాలలేదన్నమాట. మొదటి ఫ్రెట్ దగ్గర పలకని ఎఫ్ ఆకారమే ఐదో ఫ్రెట్ దగ్గర సులువుగా పలకడానికి ఇదీ ఒక కారణం. ఆ గాడిని మీరు అరగదీయకండి, చేయి తిరిగినవాళ్లకు ఇవ్వండి. ఒక్క రాపిడి ఎక్కువైతే, వేలు పెట్టకుండా మీటినప్పుడు తీగ ఫ్రెట్‌కు తగిలి జర్రుమంటుంది. 12 నుంచి 53 గేజ్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగ మందం) ఉన్న తీగలు తీసి 10 నుంచి 47 గేజ్ వేసుకున్నా వేళ్లకు భారం బాగా తగ్గుతుంది.

వేలు పెట్టాల్సింది ఫ్రెట్‌కు సరిగ్గా వెనక, ఆనీ ఆనకుండా. రెండు ఫ్రెట్ల నడుమ పెడితే రెట్టింపు బలం కావాలి, ఆ బలం ఎక్కువైతే స్వరం పైకి జారుతుంది. శ్రుతి చేసేటప్పుడు బిరడాను ఎప్పుడూ కింది స్వరం నుంచి పైకి తిప్పుతూ ఆపండి. పైనుంచి కిందికి దించి ఆపితే బిరడా పళ్లలో మిగిలిన వదులు కాసేపటికి తీగను జార్చేస్తుంది.

ఇక పాట చెవితో నేర్చుకోవడం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

పాట మొత్తం వద్దు, రెండు బార్లు (తాళంలో రెండు ఆవృత్తాలు) చాలు. గిటార్ పక్కన పెట్టి, ఆ రెండు బార్లను నోటితో పాడగలిగేదాకా వినండి. నోటికి రానిది వేళ్లకు రాదు. తర్వాత శ్రుతి మారకుండా వేగాన్ని సగానికి తగ్గించే ఆప్‌లో వేసి, మొదటి స్వరాన్నీ చివరి స్వరాన్నీ ముందుగా పట్టుకోండి. మధ్యవి ఆ తర్వాత. ఒకే స్వరం గిటార్ మీద చాలాచోట్ల ఉంటుంది. మొదటి తీగను ఖాళీగా మీటితే వచ్చే ‘ఈ’ (E) స్వరం, రెండో తీగ ఐదో ఫ్రెట్‌లోనూ, మూడో తీగ తొమ్మిదో ఫ్రెట్‌లోనూ వస్తుంది. స్వరం ఒకటే, నాదం మాత్రం వేరు. ఎక్కడ వాయించారో నాదాన్ని బట్టే పోల్చుకోవాలి. తప్పుచోట వెతికినందువల్లే చాలామందికి స్వరాలన్నీ సరిగ్గా ఉన్నా పాట ‘అలా’ ఉండదు.

స్వరాలు దొరికాక లయ కొట్టే పరికరం మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బలకు పెట్టండి. వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే 4 పెంచండి. తప్పొస్తే 8 తగ్గించండి. ఎప్పుడూ మొదటినుంచే ఎత్తుకోవడం పెద్ద పొరపాటు. మొదలు అరిగిపోయేంత సాధన అవుతుంది, చివర పచ్చిగానే ఉండిపోతుంది. చివరి మూడు స్వరాలతో మొదలుపెట్టి వెనక్కి రండి. రికార్డుతో కలిపి వాయించడం ఆఖరికి పెట్టుకోండి, ఎందుకంటే మీ తప్పుల్ని రికార్డు కప్పేస్తుంది. ఫోన్‌లో మీ ఒక్కరి వాయింపే రికార్డు చేసి వినండి. రోజూ 20 నిమిషాలు చేస్తే వారానికోసారి చేసే రెండున్నర గంటల సాధన కన్నా ఎక్కువ నిలుస్తుంది. మణికట్టులో నొప్పి గానీ వేళ్లలో తిమ్మిరి గానీ వస్తే అక్కడే ఆపేయాలి. పంటి బిగువున వాయిస్తే వచ్చేది గాయమే.

ఇలా రెండు బార్లు విప్పి చూస్తే ఏం దొరుకుతుంది? తాళం దెబ్బకు వెంట్రుకవాసి వెనక పడిన ఒక స్వరం, అరచేతి అంచుతో తీగను అణిచిన తీరు, ఎక్కడ మౌనంగా ఉండాలో తెలిసిన ఒక నిర్ణయం. ప్రతిదీ మనిషి చేతి పని, నేర్చుకుంటే వచ్చేదే. వాయించినవాడి వ్యసనం గానీ క్రూరత్వం గానీ వాటిలో ఎక్కడా కనబడదు.

ఇది గ్రహించక నష్టపోయినవాళ్లు ఉన్నారు. శాక్సోఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ హెరాయిన్‌కు బానిస. 1940లలో ఆయన్ని ఆరాధించిన కుర్ర వాద్యకారులు కొందరు, ఆ వాయింపు రహస్యం ఆ మత్తులోనే ఉందనుకుని తామూ మొదలుపెట్టారు. అసలు రహస్యాన్ని పార్కర్ 1954లో తోటి శాక్సోఫోన్ వాద్యకారుడు పాల్ డెస్మండ్‌తో రేడియోలో మాట్లాడుతూ దాచకుండా చెప్పాడు: మూడు నాలుగేళ్లపాటు రోజుకు 11 నుంచి 15 గంటల సాధన. ఆ వ్యసనం ఏం చేసిందో వినాలంటే 1946 జులైలో లాస్ ఏంజెలిస్‌లో చేసిన రికార్డింగ్ ఉంది. హెరాయిన్ దొరక్క, మద్యంతో నెట్టుకొస్తున్న స్థితిలో వాయించాడు. పాట మొదలయ్యాక ఎత్తుకోవాల్సిన చోటు దాటిపోతుంది, వాక్యాలు మధ్యలో తెగిపోతాయి. దాన్ని రికార్డు కంపెనీ విడుదల చేసినందుకు ఆయన బాధపడ్డాడు. 1955లో పోయేనాటికి ఆయన వయసు 34.

దుర్గుణమే సంగీతానికి మూలమనే కథ ఇంకా పాతది. ఇటలీలోని వెనోసాకు రాకుమారుడూ స్వరకర్తా అయిన కార్లో జెసువాల్డో 1590లో నేపుల్స్‌లో తన భార్యనూ ఆమె ప్రియుణ్నీ చంపాడు. శిక్ష పడలేదు. ఆయన పాటల్లోని వింత కార్డులు హంతకుడి పశ్చాత్తాపమే అని నేటికీ రాస్తుంటారు. గిటార్ మీద మీరే చూడండి. నాలుగో ఫ్రెట్ దగ్గర సి షార్ప్ (C#) మేజర్ బార్ కార్డ్ పట్టి, వెంటనే ‘ఏ’ (A) మైనర్ వాయించండి. ఆయన పాటల్లో వినిపించే నడక ఇలాంటిదే, గుండె జారినట్టుంటుంది. కారణం లెక్కలో ఉంది. సి షార్ప్ (C#) అర్ధస్వరం దిగి సి (C) అయింది, ఈ షార్ప్ (E#) అర్ధస్వరం దిగి ఈ (E) అయింది, జి షార్ప్ (G#) అర్ధస్వరం ఎక్కి ఏ (A) అయింది. మూడు స్వరాలూ అతి తక్కువ దూరమే కదిలాయి, అయినా ఇల్లే మారిపోయింది. ఈ విద్యకు అప్పట్లో ఫెరారా నగరం పేరుపొందింది. అక్కడ లుత్సాస్కో లుత్సాస్కి అనే స్వరకర్త ఉండేవాడు. 1594లో జెసువాల్డో అక్కడికి వెళ్లి ఆయన్ని దగ్గరగా చూశాడు. లుత్సాస్కి ఎవరినీ చంపలేదు.

అంటే పాట వేరు, మనిషి వేరు అని చేతులు దులుపుకోవచ్చా? అది మరీ తేలికైన జవాబు. పాటలోని పని ఎవరిదో, డబ్బు ఎవరికి చేరుతోందో, ఎవరికి గాయమైందో విడివిడిగా చూడాలి.

పాటల రికార్డుల నిర్మాత ఫిల్ స్పెక్టర్ 2003లో నటి లానా క్లార్క్‌సన్‌ను కాల్చి చంపాడు. 2009లో దోషిగా తేలి, 2021లో జైలు శిక్ష అనుభవిస్తూనే మరణించాడు. 1960లలో ఆయన పేరు మీద వెలిసిన ఆ చిక్కటి శబ్దం ఎలా తయారైందో చూడండి. చిన్న గదిలో మూడు నాలుగు గిటార్లు, రెండు మూడు పియానోలు ఒకే భాగాన్ని కలిసి వాయించేవి. దాన్ని స్టూడియోలోని ప్రతిధ్వని గదిలోకి పంపి, తిరిగి మైక్‌తో పట్టేవారు. అమరిక జాక్ నిట్షేది, రికార్డింగ్ ల్యారీ లెవీన్‌ది, డ్రమ్స్ చాలావరకు హాల్ బ్లేన్‌వి. కొన్నిట్లో గొంతు రోనీ స్పెక్టర్‌ది. భార్యగా ఉన్న రోజుల్లో ఆ ఇంట్లో బందీలా బతికానని 1990లో ఆమె తన ఆత్మకథలో రాసింది. అతని మీద కోపంతో ఆ రికార్డులను పారేస్తే ఆమె గొంతునూ పారేసినట్టే. నాకు ఇది న్యాయమనిపించదు.

బతికున్నవాళ్ల సంగతి ఇంకా కఠినం. గాయకుడు ఆర్. కెల్లీ మైనర్ బాలికలపై లైంగిక నేరాలతో సహా పలు ఆరోపణల్లో 2021లో దోషిగా తేలాడు, 2022లో 30 ఏళ్ల శిక్ష పడింది. బాధితులు మన మధ్యే ఉన్నారు. స్ట్రీమింగ్‌లో ఒక పాట మోగినప్పుడు రెండు హక్కుల కింద డబ్బు లెక్క కడతారు: రికార్డింగ్ హక్కు ఒకటి, రచన, స్వరకల్పన హక్కు ఇంకొకటి. అలాంటివాళ్ల పాటను పదేపదే మోగించడం ఓటు వేయడం లాంటిదే. కానీ ఆ గొంతు ఒక పదాన్ని ఎలా విరిచిందో పాత సీడీలో విని నేర్చుకుంటే ఎవరికీ పైసా వెళ్లదు. మీకు విద్య మిగులుతుంది.

సంగీత బృందం వేదిక మీద వాయించేటప్పుడు మాత్రం ఇది మీ ఒక్కరి నిర్ణయం కాదు. జర్మన్ స్వరకర్త వాగ్నర్ 1850లో మారుపేరుతో, 1869లో సొంత పేరుతో యూదులను ద్వేషిస్తూ వ్యాసం అచ్చువేశాడు. ఇజ్రాయెల్‌లో ఆయన సంగీతం వాయించకూడదన్నది చట్టం కాదు, 1938 నుంచి వస్తున్న కట్టుబాటు. 2001 జులైలో జెరూసలేంలో వాద్యబృంద నిర్దేశకుడు డేనియల్ బారెన్‌బోయిమ్ ప్రకటించిన కచేరీ మొత్తం ముగించాక, వాగ్నర్ రచన వాయించమంటారా అని శ్రోతలనే అడిగాడు. దాదాపు అరగంట వాదన నడిచింది. వద్దన్నవాళ్లలో కొందరు లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాతే వాయించాడు, ఆ మీదట విమర్శలూ పడ్డాడు.

మీరూ అలాంటి పాట ఎంచుకుంటే దాన్ని కచేరీ మధ్యలో ఇరికించకండి, అన్నిటికన్నా చివర పెట్టండి. ఎవరి పాటో, ఆ మనిషి ఏం చేశాడో రెండు వాక్యాల్లో ముందే చెప్పండి. వెళ్లాలనుకునేవాళ్లు వెళ్లేదాకా రెండు నిమిషాలు ఆగండి. ఆ రెండు నిమిషాల్లో తీగలు మరోసారి శ్రుతి చూసుకోవచ్చు.