తల్లి వాదించిన కోర్టు, కొడుకు పట్టుకున్న మైకు

(కర్నూలులో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పెద్దలకు ముందే ఒక మాట చెప్పుకోవాలి. ఈరోజు నేను మాట్లాడబోయే మనిషి పాటల్లో బూతులున్నాయి, తుపాకులున్నాయి, జైలు ఉంది. ఆయన పేరు మీరు విని ఉండకపోవచ్చు. వెనక కూర్చున్న పిల్లల్లో మాత్రం ఇద్దరి టీషర్టుల మీద ఆయన బొమ్మ ఉంది, లోపలికి వస్తూనే చూసినాను. టూపాక్ షకూర్, అమెరికా ర్యాపర్, అంటే తాళానికి మాటలు పేర్చి పాట చెప్పేవాడు. 25 ఏళ్ళకే చంపేసినారు.

1971 జూన్ 16న న్యూయార్క్‌లోని ఈస్ట్ హార్లెంలో పుట్టినప్పుడు ఆయనకు పెట్టిన పేరు వేరే. ఏడాది తిరిగాక తల్లి ఆ పేరు తీసేసి, పెరూ దేశంలో 1780లో స్పెయిన్ దొరల మీద తిరగబడిన టూపాక్ అమారూ పేరు పెట్టింది. ఆ పెరూ వీరుణ్ణి 1781లో కుస్కో ఊరి నడిమధ్యలో, భార్యను, పెద్దకొడుకును కళ్ళముందే చంపి, కాళ్ళూ చేతులూ నాలుగు గుర్రాలకు కట్టి లాగించినారు. చివరికి తల నరికి, ఒంటి ముక్కలు ఊరికొకటి పంపినారు.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ తెలిసిన జిల్లావాళ్ళకు ఇది కొత్తగా ఉండదు. రావలసిన తవర్జీ (పాలెగాళ్ళకు ఇచ్చే భరణం) కోసం పోతే అవమానించినారని కుంఫిణీ మీద తిరగబడిన పాలెగాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీసి, తలను కోటకు వేలాడదీసినారు. 1877 దాకా తియ్యలేదంటారు. చూసినవాళ్ళు భయపడకుండా ఉండరు. అయినా ఆయన మీద పాట కట్టినారు, పల్లెపల్లెనా పాడినారు. పెరూలో చచ్చిపోయిన ఒక తిరుగుబాటు నాయకుడి పేరు హార్లెంలో పసిబిడ్డకు పెట్టిన తల్లి మనసు మనకు అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది?

ఆ తల్లి అఫేనీ షకూర్. నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ కార్యకర్త. పోలీసు స్టేషన్లు, పెద్ద దుకాణాలు పేల్చడానికి కుట్ర చేసినారని 1969లో న్యూయార్క్‌లో 21 మంది మీద పెట్టిన కేసులో ఆమె ఒకరు. లాయరును పెట్టుకోలేదు. కడుపుతో ఉండి తన కేసు తానే వాదించుకుంది. పార్టీలో దొంగచాటుగా చేరిన పోలీసు సాక్ష్యం చెప్పడానికి వస్తే బోనులో నిలబెట్టి తానే ఎదురు ప్రశ్నలు వేసింది. 1971 మే నెలలో జ్యూరీ మోపిన 156 అభియోగాలనూ కొట్టేసింది. నెల రోజులకు కాన్పు. టూపాక్‌కు గురువులెవరని అడిగితే ర్యాపర్ల పేర్లు చాలామంది చెబుతారు. నేనైతే ఆ కోర్టు పేరే చెబుతాను. నోరు తెరిచి ఉన్నదున్నట్టు చెబితే జైలు తప్పుతుందని ఆ ఇంట్లో తెలుసు. ఆయన మంచి పాటలన్నీ నాకు వాంగ్మూలం మాదిరే వినబడతాయి.

కుటుంబం బాల్టిమోర్‌కు మారినాక అక్కడి కళల బడిలో చేరినాడు. నటన, కవిత్వం, జాజ్, బాలే నేర్చుకున్నాడు. ఒక బాలే నాటకంలో ఎలుకల రాజు వేషం కూడా కట్టినాడు (పోస్టర్లు చేసేవాళ్ళు ఈ సంగతి ఎప్పుడూ చెప్పరు). 1988లో కాలిఫోర్నియా పోయినాడు. డిజిటల్ అండర్‌గ్రౌండ్ అనే బృందంలో మొదట సామాన్లు మోసినాడు, వెనక డాన్సు చేసినాడు, తర్వాతనే మైకు చేతికి వచ్చింది.

1991 నవంబరులో మొదటి ఆల్బం వచ్చింది. అందులో ‘బ్రెండాస్ గాట్ ఎ బేబీ’ దగ్గర కాసేపు ఆగుదాం. పన్నెండేళ్ళ పిల్ల బిడ్డను కని చెత్తకుండీలో పడేసిందని పేపర్లో వచ్చిన వార్త చదివి రాసిన పాట ఇది. మామూలు ర్యాప్‌లో పల్లవి వస్తుంది, చరణం వస్తుంది, మళ్ళీ పల్లవి వస్తుంది. ఇక్కడ కథ మొదలైతే ఆగదు. ఆ పిల్లకు చదువు రాదు. తండ్రి మత్తులో ఉంటాడు. కడుపు చేసినవాడు చుట్టమే. కడుపు కనబడుతున్నా ఇంట్లో ఎవరికీ పట్టదు. కన్న బిడ్డను చెత్తలో పడేస్తుంది, బిడ్డ ఏడుస్తూ ఉంటుంది. ఇంట్లోనుంచి వెళ్ళగొడతారు. మత్తుమందు అమ్మబోతుంది, దోపిడీ అవుతుంది. ఒళ్ళమ్ముకుంటుంది. చివరికి ఎవరో చంపేస్తారు. ఇంతే. పాటలో ఎక్కడా తీర్పు లేదు, కన్నీళ్ళు పెట్టుకోమని అడగడం లేదు. మొదట్లో ఒక మాట అంటాడు: ఇది బ్రెండా ఒక్కదాని బాధ అనుకుంటున్నారేమో, పేటంతటికీ ఇందులో పాలుంది అని. ఇరవై ఏళ్ళ పిల్లోడు రాసినాడు దీన్ని. బుర్రకథ చెప్పే పెద్దవాళ్ళు కూడా అంత కథను అంత తక్కువ మాటల్లో ఇమడ్చడం నేను వినలేదు.

ఆ ఆల్బమే పెద్ద గొడవ అయింది. టెక్సస్‌లో పోలీసును కాల్చి చంపిన ఒక కుర్రవాడు ఆ టేపు వింటున్నాడని తేలింది. అప్పటి ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ ఆ ఆల్బంకు సమాజంలో చోటు లేదన్నాడు. చెత్తకుండీలో పసిబిడ్డ గురించి ఆయన ఏమీ అన్నట్టు లేదు.

పాట కట్టే తీరు గురించి తెలుగు చదువుకునే పిల్లలకు రెండు మాటలు. మన పద్యంలో ప్రాస పాదం మొదట్లో, రెండో అక్షరం దగ్గర నిలబడుతుంది. ర్యాప్‌లో పాదం చివర, మధ్యమధ్యన కూడా వచ్చి తాళాన్ని తోస్తుంది. టూపాక్ పదాల గారడీ చేసే రకం కాదు, ఆ విషయంలో ఆయన్ను మించినవాళ్ళున్నారు. అచ్చులను సాగదీసి, అదే పాదాన్ని రెండుమూడు సార్లు రికార్డు చేసి ఒకదానిమీద ఒకటి వేసేవాడు. అందుకే ఒక్క గొంతు గుంపు మాదిరి వినబడుతుంది. ఎదుటివాణ్ణి పేరు పెట్టి తిట్టే పాటలూ ఉన్నాయి. తిట్టుకవిత్వానికి వేములవాడ భీమకవిని తలుచుకునే జాతి మనది, అందుకని మరీ ముక్కు మూసుకోనక్కర్లేదు. కాకపోతే 1996లో ఆయన నోట వచ్చిన తిట్లు తుపాకుల మధ్య తిరిగినాయి. ఆ తేడా మరవగూడదు.

ఇంకొకటి కూడా దాచను. 1993లో ఆడవాళ్ళ తరపున ‘కీప్ యా హెడ్ అప్’ పాడినాడు. మనమంతా ఆడదాని కడుపున పుట్టి ఆడదాన్నే ఎందుకు బాధపెడతామని అడిగినాడు. ఆ ఏడాది నవంబరులోనే ఒక యువతి మీద లైంగిక దాడి కేసులో అరెస్టయినాడు. తాను చేయలేదన్నాడు, కోర్టు మాత్రం దోషి అన్నది. పాట గొప్పది కాబట్టి కేసును పక్కన పెట్టమని నేను చెప్పను. కేసు ఉంది కాబట్టి పాట చెరిపేయమనీ చెప్పను. రెండూ ఒకే మనిషివి, అట్లనే వినాలి.

శిక్ష అనుభవిస్తూ జైల్లో ఉండగానే, 1995 మార్చిలో వచ్చిన ‘మీ ఎగైనెస్ట్ ది వరల్డ్’ అమెరికాలో ఆల్బంల అమ్మకాలు లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. ‘డియర్ మామా’ అందులోదే. కోర్టును గెలిచిన ఆ అఫేనీ తర్వాత కొకైన్ మత్తులో పడింది. కొడుకు ఆ మాట పాటలోనే చెబుతాడు, ఆ వెంటనే నువ్వు రాణివే అంటాడు. తల్లి మీద మన సినిమాల్లో వందల పాటలున్నాయి, తల్లి తప్పును తల్లి ముందే చెప్పి మొక్కిన పాట నాకు గుర్తురావడం లేదు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ పాటను జాతీయ రికార్డింగుల భాండారంలో చేర్చింది.

ఆ తర్వాత బెయిలు, డెత్ రో అనే పాటల కంపెనీ, 1996 ఫిబ్రవరిలో డబుల్ ఆల్బం, తోటి ర్యాపర్లతో పగలు. సెప్టెంబరు 7న లాస్ వేగాస్‌లో టైసన్ బాక్సింగ్ పోటీ చూసి కారులో పోతుంటే కాల్చినారు, 13న పోయినాడు. ఎదుటి పక్షంవాడిగా పేరుపడ్డ ర్యాపర్ నొటోరియస్ బి.ఐ.జి.ని ఆరు నెలలకు, 1997 మార్చిలో కాల్చేసినారు. టూపాక్ కేసులో మొదటి అరెస్టు 2023లో జరిగింది. 27 ఏళ్ళు. నడిబజారులో హత్య జరిగితే చూసినవాడు ఎందుకు నోరు విప్పడో సీమలో పుట్టినవాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

నా అసలు బాధ ఇక్కడే. చచ్చిపోయినాక ఆయన బొమ్మ మిగిలింది, మాట వెనకబడింది. ఆఫ్రికాలో సియర్రా లియోన్ అంతర్యుద్ధంలో తిరుగుబాటుదార్లు టూపాక్ టీషర్టులు యూనిఫాం మాదిరి వేసుకుని పల్లెల మీద పడినారు. బ్రెండా పాట విన్నవాడు చేసే పనా అది? మనకూ అట్లనే జరిగింది. సుమోలు, కొడవళ్ళు, తొడగొట్టడం ఇవే రాయలసీమ అని సినిమాలు అమ్ముకున్నాయి. ఇప్పుడు మన పిల్లలు ఫోనులో కట్టే ర్యాపుల్లోనూ అవే వినబడుతున్నాయి. కోసిగి, కౌతాళం వైపు నుంచి పిల్లల్ని బడి మాన్పించి మిరపకాయలు కోయడానికి గుంటూరు సుగ్గికి (కోతల వలసకు) పోయే బళ్ళ గురించి ఒక్క పాట కూడా నా చెవిన పడలేదు.

మాటను పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. కాలిఫోర్నియాలోని కాంప్టన్‌లో పుట్టిన ర్యాపర్ కెండ్రిక్ లామార్ 2015 ఆల్బం చివర, 1994 నాటి టూపాక్ ఇంటర్వ్యూ టేపును తన ప్రశ్నలతో కలిపి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు చేసినాడు. అదే కెండ్రిక్‌కు 2018లో సంగీతానికి పులిట్జర్ అనే అమెరికా పెద్ద బహుమతి వచ్చింది. అంతకుముందు ఏ ర్యాపరుకూ రాలేదు.

మీ చేతికి ఇచ్చిన కాగితాల్లో బ్రెండా పాట కథ తెలుగులో, వచనంలో ఉంది. నాదే, లోపాలుంటాయి. అసలు పాట ఇప్పుడు పెట్టిస్తున్నాను, స్పీకరు సౌండు కాస్త పెంచు నాయనా. ముందు కాగితం చూడకుండా వినండి, రెండోసారి చూస్తూ వినండి. ప్రశ్నలు ఆ తర్వాత అడగండి, సుగ్గి బళ్ళ పాట ఎవరైనా కట్టి ఉంటే వేదిక మీదికి వచ్చి పాడండి.