చిగుళ్ళ రక్తం నీళ్ళ తప్పు కాదు

శ్రోతలకు నమస్కారం.

ఈ మధ్య మర్రిగూడ దిక్కు నుంచి ఒకామె పళ్ళు చూపించుకోవడానికి నా దగ్గరికి వచ్చింది. వయసు యాభై దాటి ఉంటుంది. నోరు తెరవగానే పళ్ళ మీద గోధుమరంగు చారలు కనిపించాయి. మన నల్లగొండ జిల్లాలో ఆ చారలు చూస్తే చాలు, చిన్నప్పుడు ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగిన మనిషని తెలిసిపోతుంది. "ఫ్లోరైడు పండ్లు సారూ, తోముకుంటే రక్తం వస్తది. అందుకే లోపలి దిక్కు తోముడు బంద్ పెట్టిన" అన్నది.

ఆమె అన్న ఆ మాట గురించే ఈరోజు మాట్లాడదామని వచ్చాను. ఫ్లోరైడు పంటి పైపొరను దెబ్బతీసే మాట నిజమే. కానీ ఆ చారలు పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతున్నప్పుడే, అంటే చిన్నతనంలోనే పడిపోతాయి. ఫ్లోరైడు ఎముకలను ఎట్లా వంచుతుందో మన జిల్లాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. చిగుళ్ళలోంచి రక్తం కారడం మాత్రం ఆ నీళ్ళ వల్ల కాదు.

చిన్న అద్దం పెట్టి ఆమె కింది ముందుపళ్ళ వెనకవైపు చూపించాను. పళ్ళ మొదళ్ళలో గార గట్టులాగా పేరుకుని ఉంది. చిగురు ఎర్రగా ఉబ్బి ఉంది, పరికరం తగిలీ తగలకముందే రక్తం ఊరింది. లాలాజలం వచ్చే దారులు నాలుక కిందే ఉంటాయి కాబట్టి గార ఎక్కువగా అక్కడే కడుతుంది. అది పాచి గట్టిపడి అయిన రాయి.

పొద్దున్నే నాలుకకు జిగటగా తగిలే పాచిని మనం రాత్రి తిన్న తిండి మిగులు అనుకుంటాం. అది ప్రాణమున్న బ్యాక్టీరియా గుంపు. నోట్లో లాలాజలం ఊరుతూనే ఉంటుంది, పట్టు దొరకనిది కొట్టుకుపోయి కడుపులో పడాల్సిందే. మరి ఇవి ఎట్లా నిలుస్తున్నాయి? పొలం గట్టు మీద నడిచి ఇంటికొస్తే పంచె అంచుకు ఉత్తరేణి గింజలు ఎట్లా పట్టుకుని ఉంటాయో మీకు తెలుసు. బ్యాక్టీరియా ఒంటి మీద కూడా అట్లాంటి కొక్కేలుంటాయి. అవి ప్రోటీన్లతో తయారైనవి.

పళ్ళు తోముకున్న కొన్ని నిమిషాలకే లాలాజలంలోని ప్రోటీన్లు పంటి మీద పల్చటి పొర కడతాయి. దాన్ని ముందుగా స్ట్రెప్టోకాకస్ జాతివి పట్టుకుంటాయి. వాటి మీదికి పొడుగ్గా కదురులా ఉండే ఫ్యూసోబ్యాక్టీరియం చేరుతుంది. అది ముందొచ్చినవాటినీ వెనకొచ్చేవాటినీ కలిపి పట్టుకుంటుంది. పాచిని కదిలించకుండా వదిలేస్తే, చిగురు కింది సందులోకి గాలి సోకని చోట బతికే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ వచ్చి చేరుతుంది. పేరు నోరు తిరగదు గానీ, చిగుళ్ళ జబ్బులో దీని పాత్ర పెద్దది.

దాని ఒంటి నిండా ఫింబ్రియా అనే సన్నటి నూగు ఉంటుంది. అందులో పొడుగువీ పొట్టివీ రెండు రకాలు. పొట్టివాటితో అది స్ట్రెప్టోకాకస్ మీది ప్రోటీన్‌ను పట్టుకోగలదు, పొడుగువాటితో మన చిగురు కణాలను కూడా. పైగా దాని ఒంటి మీద జింజిపెయిన్లనే ఎంజైములున్నాయి. మన రక్షణ కోసం శరీరం పంపే ప్రోటీన్లను ఇవి ముక్కలు చేస్తాయి, రక్తకణాల నుంచి హీమ్ అనే ఇనుమున్న పదార్థాన్ని కూడా లాక్కుంటాయి. ఈ బ్యాక్టీరియా హీమ్‌ను సొంతంగా తయారుచేసుకోలేదు. రక్తం కలిపిన పళ్ళెంలో పెంచితే కొన్ని రోజులకు దాని గుంపులు నల్లటి చుక్కలై కనిపిస్తాయి. ఆ నలుపు అది ఒంటికి పూసుకున్న హీమే. చదువుకునే రోజుల్లో ఆ చుక్కలు మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. చిగుళ్ళ రక్తం దానికి తిండి!

అంటే రక్తం వస్తుందని తోమడం మానేస్తే పాచి పెరుగుతుంది, వాపు పెరుగుతుంది, రక్తం ఇంకా కారుతుంది. ఆ వాపు ముదిరితే పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు. ఇదంతా చాలాకాలం నొప్పి లేకుండానే జరుగుతుంది, నాకు భయమంతా అక్కడే. సుగర్ ఉన్నవాళ్ళకు ఇది తొందరగా ముదురుతుంది. చిగుళ్ళ జబ్బు ముదిరితే సుగర్ కూడా అదుపు తప్పుతుంది. బీడీ, సిగరెట్ తాగేవాళ్ళకు జబ్బున్నా రక్తం తక్కువ కనిపిస్తుంది, అందుకే వాళ్ళు రక్తం రావట్లేదని నమ్మకంగా ఉండొద్దు.

1965లో హరాల్డ్ లోయె అనే శాస్త్రవేత్త డెన్మార్క్‌లో ఒక పరీక్ష చేశాడు. ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్ళు తోమడం ఆపమన్నాడు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ శుభ్రం చేయడం మొదలుపెట్టగానే వారం పది రోజుల్లో మామూలయ్యాయి. ఎముక దెబ్బతినకముందు ఎవరికైనా ఇంతే.

గట్టిపడిన గార మాత్రం బ్రష్షుకు రాదు, వేపపుల్లకూ రాదు, దాన్ని డాక్టరే తీయాలి. తీయిస్తే పళ్ళు కదులుతాయని చాలామంది భయపడతారు. ఎముక ముందే కరిగి ఉంటే, కదిలే పళ్ళను గారే కట్టి ఉంచుతుంది. అది తీసేసరికి ఉన్న సంగతి బయటపడుతుంది.

ఆమెకు గార తీసి, మెత్తటి బ్రష్షు పట్టుకుని లోపలివైపు ఎట్లా తోమాలో అద్దంలో చూపించాను. మొదటి నాలుగు రోజులు రక్తం వస్తుంది, ఆపొద్దమ్మా అని చెప్పి పంపాను. రెండు వారాలకు మళ్ళీ వచ్చింది. కుర్చీ పక్కన గిన్నెలో పుక్కిలించి ఉమ్మి, ఒంగి చూసుకుంది. "తెల్లగనే ఉన్నయి సారూ నీళ్ళు" అన్నది.